పదమూడు వారాల్లో తగ్గుతారా?

బరువు తగ్గించే ఇంజెక్షన్ల మాట వస్తే చాలు, మనవాళ్ళు మొదట అడిగేది "ఎన్నాళ్ళలో తగ్గుతారు?" అని. "ఎంతవుతుంది?" అన్నది రెండో ప్రశ్న. "అది ఎవరికి ఇస్తారు?" అని అడిగేవాళ్ళు తక్కువ. పోయిన ఏడాది మా ఇంట్లో ఆ మొదటి ప్రశ్న కొన్ని నెలలపాటు నలిగింది. నేను చదివేది బయోకెమిస్ట్రీ, మన డిపార్టుమెంటుకి వచ్చేది పార్ట్ వన్ తెలుగు కోసం. కానీ మా ఇంట్లోవాళ్ళ లెక్కలో కెమిస్ట్రీ అన్న మాట ఉన్న ఏ చదువైనా సగం డాక్టరు చదువే. అందుకని జవాబు వెతికే పని నా మీద పడింది. వెతికితే జవాబు దొరికింది, అంకెలతో సహా దొరికింది. అయితే అది మావాళ్ళు వినాలనుకున్న జవాబు కాదు.

ముందు ఈ మందు కథ కొంచెం చెప్పాలి.

మనం అన్నం తిన్నాక పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోను పుడుతుంది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఇన్సులిన్ వదలమని క్లోమానికి చెబుతుంది. కడుపులోని తిండి గబగబా కిందికి జారిపోకుండా నిదానం చేస్తుంది. మెదడుకి "ఇంక చాలు" అని కబురు పంపుతుంది. ఇన్ని పనులు చేసే ఈ హార్మోను రక్తంలో రెండు నిమిషాలు తిరిగేలోపే సగం విరిగిపోతుంది. దాన్ని మందుగా చెయ్యాలంటే ముందు దాని ఆయుష్షు పెంచాలి.

ఆ ఆయుష్షు పెంచడానికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది. 1980లలో అమెరికాలో స్వెత్లానా మోయ్సోవ్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ హార్మోనులో నిజంగా పనిచేసే భాగం ఏదో పట్టుకున్నారు. ఆ పని మీద తీసుకున్న పేటెంట్లలో మొదట ఆమె పేరు లేదు. ఆమె పోరాడి చేర్పించుకున్నారు. 1992లో జాన్ ఎంగ్ అనే డాక్టరు గిలా మాన్‌స్టర్ అనే ఎడారి బల్లి విషంలో ఇలాంటి పనే చేసే పదార్థం ఉందని ప్రకటించారు. అది అంత తొందరగా విరిగిపోదు. దాని ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్‌కి 2005లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని రోజుకి రెండుసార్లు పొడుచుకోవాలి. ఆ తర్వాత డెన్మార్కులో లోటె బ్యెర్రె క్నుడ్సెన్ నడిపిన బృందం లిరాగ్లూటైడ్ చేసింది. అది రోజుకి ఒక్కసారి చాలు. ఆ తర్వాత వచ్చిన సెమాగ్లూటైడ్ వారానికి ఒక్కసారి చాలు. 2024లో లాస్కర్ అవార్డును మోయ్సోవ్, క్నుడ్సెన్, జోయెల్ హాబెనర్ ముగ్గురికీ కలిపి ఇచ్చారు. ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు. ఈ సంగతి మా క్లాసులో చెబితే అందరూ ఒకసారి తలెత్తి చూశారు.

ఇప్పుడు మనం వినే పేర్లలో ఓజెంపిక్, వెగోవీ రెండూ సెమాగ్లూటైడే. మొదటిది షుగరుకి, రెండోది బరువుకి. మౌంజారోలో ఉండేది వేరే మందు, టిర్జెపటైడ్. అది జీఎల్‌పీ-1తోపాటు జీఐపీ అనే ఇంకో హార్మోను పని కూడా చేస్తుంది. మన దేశంలోకి మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ 2025 జూన్‌లో వచ్చాయి.

మా ఇంట్లోకి ఈ మందు వచ్చింది మా మేనత్త కోసం. అత్తకి యాభై దాటాయి. పదకొండేళ్ళుగా షుగరు ఉంది, బీపీ ఉంది, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. బరువు 82 కిలోలు, ఎత్తు 155 సెంటీమీటర్లు. బీఎమ్ఐ లెక్క కడితే 34. పెరంబూరులో మా ఇల్లు రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కి వస్తే అత్త పది నిమిషాలు మాట్లాడలేకపోయేది. ఎప్పటినుంచో షుగరు చూస్తున్న డాక్టరే పరీక్షలన్నీ చేయించి, ఏప్రిల్‌లో టిర్జెపటైడ్ మొదలుపెట్టారు. మొదట్లో చిన్న సీసా, సన్నటి సిరంజి ఉండేవి. తర్వాత పెన్ను వచ్చింది. ఫ్రిజ్‌లో పై అరలో, మల్లెపూల పొట్లం పక్కన పెట్టేవాళ్ళం. ప్రతి ఆదివారం పొద్దున అత్త దేవుడికి దండం పెట్టుకుని, పొట్ట మీద చర్మం పట్టి పొడుచుకునేది. "చీమ కుట్టినట్టు కూడా లేదే" అని మొదటిరోజు నవ్వింది.

మొదటి నెల అత్త వాడింది 2.5 మిల్లీగ్రాములు. అది బరువు తగ్గడానికి ఇచ్చే మోతాదు కాదు, కడుపుకి అలవాటు చెయ్యడానికి ఇచ్చేది. నాలుగు వారాలయ్యాక 5 మిల్లీగ్రాములకి పెంచారు. ఆ తర్వాత అవసరాన్ని బట్టి, ఒక్కో మెట్టు మీద కనీసం నాలుగు వారాలు ఆగి, గరిష్ఠంగా 15 దాకా పెంచవచ్చు. బరువు కోసం ఇచ్చే సెమాగ్లూటైడ్‌కీ ఇలాంటి మెట్లే ఉన్నాయి. నాలుగేసి వారాల చొప్పున 0.25, 0.5, 1, 1.7 మిల్లీగ్రాములు దాటాకే పూర్తి మోతాదైన 2.4 వస్తుంది. అంటే పూర్తి మోతాదు మొదలయ్యేది పదిహేడో వారంలో.

ఎందుకింత నిదానం అని మా పెద్దమ్మ అడిగింది. ఆమెకి నేను బానతో చెప్పాను. ఇంట్లో ఒక పెద్ద బాన ఉందనుకో పెద్దమ్మా. ప్రతి ఆదివారం అందులో ఒక బిందె నీళ్ళు పోస్తావు. వారం తిరిగేసరికి ఉన్న నీళ్ళలో సగం ఇంకిపోతాయి. రెండో ఆదివారం పోసేసరికి బానలో ఒకటిన్నర బిందె ఉంటుంది. మూడో ఆదివారం ఒకటీ ముప్పావు. నాలుగో వారానికి, అయిదో వారానికి దాదాపు రెండు బిందెలు. అక్కడినుంచి ఎన్ని ఆదివారాలు పోసినా రెండు దాటదు. సెమాగ్లూటైడ్ ఒంట్లో సగం తగ్గడానికి పట్టేది దాదాపు వారం రోజులే. టిర్జెపటైడ్‌కి అయిదు రోజులు. ఏ మోతాదైనా ఒంట్లో పూర్తిగా నిలవడానికి ఒక నెల కావాలి. ఆ నెల ఆగకుండా పెంచేస్తే బాన పొంగుతుంది. పొంగడం అంటే వాంతులు, విరేచనాలు, నీరసం.

అత్తకి మెట్లు ఎక్కించినా కష్టం తప్పలేదు. మోతాదు పెంచిన ప్రతిసారీ మూడు నాలుగు రోజులు వికారం. వేయించిన అప్పడం వాసన వస్తే బాల్కనీలోకి వెళ్ళి నిలబడేది. మలబద్ధకం పట్టుకుంది. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తినడం, నీళ్ళు ఎక్కువ తాగడం, పప్పు, గుడ్డు, పెరుగు తప్పకుండా తీసుకోవడం మొదలుపెట్టింది. ఈ మందుతో బరువు తగ్గేటప్పుడు కొవ్వు ఒక్కటే పోదు, కండ కూడా పోతుంది. అందుకే మాంసకృత్తులు, చేతనైనంత వ్యాయామం రెండూ ఉండాలని ఆయన గట్టిగా చెప్పారు. అత్త రబ్బరు బ్యాండు పట్టుకుని సీరియల్ చూస్తూ చేతులు లాగేది.

ఆమె డైరీలోని అంకెలు ఇవి. నాలుగు వారాలకి కిలోన్నర. పన్నెండు వారాలకి నాలుగున్నర కిలోలు. ఏడు నెలలకి ఎనిమిది కిలోలు. పండగకి చూస్తే 73. షుగరు మాత్రం బరువుకన్నా ముందే దారికి వచ్చింది. మొదటి నెల దాటేసరికే పరగడుపు రీడింగు తగ్గిందని డాక్టరు పాత మాత్ర ఒకటి తగ్గించారు. కాబట్టి "ఎన్నాళ్ళలో పనిచేస్తుంది?" అన్న ప్రశ్నకి అత్త విషయంలో రెండు మూడు జవాబులు ఉన్నాయి. ఆకలి మీద కొద్ది రోజుల్లోనే, షుగరు మీద కొన్ని వారాల్లో, బరువు మీద నెలల తరబడి. మోకాళ్ళ మీద ఎప్పుడు పనిచేసిందో డైరీలో లేదు గాని, ఇప్పుడు మెట్లెక్కి వచ్చి తలుపు తియ్యకముందే మాట్లాడుతోంది.

అత్త రెండు కిలోలు తగ్గినప్పుడు ఎవరూ గమనించలేదు. అయిదు కిలోలు తగ్గాక బంధువులందరూ గమనించారు. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ కూతురికి సంబంధం కుదిరింది.

శ్రావణంలో నిశ్చితార్థం, కార్తీకంలో ముహూర్తం. మధ్యలో పదమూడు వారాలు. నిశ్చితార్థం రోజున తాంబూలాలు మార్చుకున్నాక, పెళ్ళికొడుకు వైపు పెద్దావిడ ఒకరు అక్క బుగ్గ పట్టుకుని, "పిల్ల లక్షణంగా ఉంది, కొంచెం ఒళ్ళు తగ్గితే ఫోటోల్లో ఇంకా బాగుంటుంది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది. ఆ రాత్రి ఇంటికి వచ్చాక ఆమె అన్నం తినలేదు.

అక్క ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. బీఎమ్ఐ దాదాపు 26. మన దేశపు డాక్టర్ల కొలతలో 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం కిందికి వస్తుంది. మన ఒళ్ళలో అంతకే కొవ్వు పొట్ట చుట్టూ చేరి షుగరు తెచ్చిపెడుతుందని ఆ కొలత తగ్గించి పెట్టారు. అది నిజమే. అయితే ఈ ఇంజెక్షన్లు బరువు కోసం ఇవ్వడానికి పెట్టిన గీత వేరు. బీఎమ్ఐ 30 ఉండాలి, లేదా 27 ఉండి షుగరో, బీపీయో, అలాంటి జబ్బు ఒకటైనా ఉండాలి. అక్కకి ఏ జబ్బూ లేదు. రోజూ రెండు బస్సులు మారి ఆఫీసుకి వెళ్ళి వస్తుంది.

పెద్దమ్మ ఆ వారమే ఫోను చేసింది. "ఏమే, మీ అత్త వేసుకుంటోంది కదా, అది మన పిల్లకి వేస్తే ముహూర్తానికి ఎంత తగ్గుతుందో చూసి చెప్పు" అంది. ఆ మధ్యనే ఆమె వాళ్ళ పేటలో ఒక బ్యూటీ క్లినిక్‌కి వెళ్ళి వచ్చింది. అక్కడ ముఖానికి, జుట్టుకి, బరువుకి కలిపి పెళ్ళికూతురి ప్యాకేజీ ఉందట. బరువుకి ఇచ్చేది ఈ సూదే. రక్తపరీక్ష ఏమన్నా చేస్తారా అని అడిగితే, "అవన్నీ అక్కర్లేదు మేడం, అందరూ వేసుకుంటున్నారు" అన్నారట.

నేను లెక్క కట్టాను. సెమాగ్లూటైడ్ మీద జరిగిన పెద్ద పరిశోధనల్లో ఒకటి 2021లో అచ్చయింది. 1,961 మంది మీద 68 వారాలు నడిచింది. మందు తీసుకున్నవాళ్ళు సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఉత్తుత్తి సూది వేసుకుని, తిండి, నడక మాత్రమే మార్చుకున్నవాళ్ళు 2.4 శాతం తగ్గారు. టిర్జెపటైడ్ మీద 2022లో వచ్చిన పరిశోధన 72 వారాలది. అందులో మోతాదును బట్టి 15 నుంచి 21 శాతం దాకా తగ్గారు. పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చేవి ఈ అంకెలే. వాటి పక్కన ఉండే వారాల సంఖ్యని ఎవరూ చదవరు. 68 వారాలంటే ఏడాది మూడు నెలల పైమాట.

మొదటి మూడు నెలల్లో ఏం జరిగిందో అదే పరిశోధనలోని గీత చూస్తే తెలుస్తుంది. సెమాగ్లూటైడ్‌తో నాలుగు వారాలకి సుమారు 2 శాతం, పన్నెండు వారాలకి సుమారు 6 శాతం. అక్క 66 కిలోలలో 6 శాతం అంటే నాలుగు కిలోలు. అది కూడా సగటు. కొందరికి అంతకన్నా ఎక్కువ, కొందరికి తక్కువ. పైగా ఆ పరిశోధనలో పాల్గొన్నవాళ్ళ సగటు బరువు 105 కిలోలు. అక్కలాంటి 66 కిలోల మనిషిని అందులో చేర్చుకునేవాళ్ళే కాదు. కాబట్టి ఆమెకి ఎంత తగ్గుతుందో చెప్పడానికి ఆ అంకె కూడా పూర్తిగా సరిపోదు.

నాలుగు కిలోలంటే ఎంత? మా టైలరమ్మని అడిగాను. "జాకెట్టు పక్కన ఒక కుట్టు పాపా" అంది. పెళ్ళి జాకెట్లు ఆమె ఎప్పుడూ లోపల గుడ్డ వదిలే కుడుతుంది, తర్వాత విప్పుకోవడానికి. ఆ ఒక్క కుట్టు కోసం పదమూడు ఆదివారాలు సూది. అందులో మూడుసార్లు మోతాదు పెంచడం, పెంచిన ప్రతిసారీ వికారం. ఆ రోజుల్లోనే టీ నగర్‌లో చీరలు కొనడం, బంధువుల ఇళ్ళలో విందులు, హోమం దగ్గర ఖాళీ కడుపుతో గంటల తరబడి కూర్చోవడం. తొందరగా బరువు తగ్గినవాళ్ళకి జుట్టు రాలడం, పిత్తాశయంలో రాళ్ళు రావడం కూడా ఉన్నాయి. అరుదుగా క్లోమం వాచిపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఈ మందు అసలు ముట్టుకోకూడదు. ప్యాకేజీ అమ్మినవాళ్ళు ఆ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఇవన్నీ కాగితం మీద రాసి పెద్దమ్మకి చూపించాను. ఆమె చదివి, "మెట్లు లేకుండా ఒకేసారి పెద్ద డోసు ఇస్తే?" అంది. నాకు కోపం రాలేదు. ఆమె భయం నాకు అర్థమైంది. నాన్న లేని పిల్లకి సంబంధం కుదిర్చింది. అవతలివాళ్ళు నవ్వుతూ అన్న మాటయినా ఆమెకి అది షరతులాగే వినిపించింది.

చివరికి అత్తే పెద్దమ్మనీ అక్కనీ తన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఆయన అక్కని బరువు చూశారు, బీపీ చూశారు, నెలసరి సరిగ్గా వస్తుందా అని అడిగారు, షుగరు, థైరాయిడ్ పరీక్షలు రాశారు. అన్నీ బాగానే వచ్చాయి. అప్పుడు ఆయన పెద్దమ్మని రెండు ప్రశ్నలు అడిగారు. "పెళ్ళయ్యాక సూది ఆపేస్తారా?" పెద్దమ్మ "ఆపేస్తాం సార్, పెళ్ళి వరకే" అంది. ఆపేస్తే బరువు తిరిగి వస్తుందని ఆయన చెప్పారు. నేను చదివింది కూడా అదే. సెమాగ్లూటైడ్ పరిశోధనలో మందు ఆపేసినవాళ్ళని ఇంకో ఏడాది గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. బీపీ మాత్రలాగా, ఇది పనిచేసేది వాడినన్నాళ్ళే. అత్తకి ఆ సంగతి మొదటిరోజే చెప్పారు. ఏళ్ళ తరబడి వాడాల్సి రావచ్చని తెలిసే ఆమె ఒప్పుకుంది.

రెండో ప్రశ్నకి పెద్దమ్మ దగ్గర జవాబు లేదు. "పెళ్ళయిన ఎన్నాళ్ళకి మనవడిని అడుగుతారు?" అన్నారాయన.

ఈ మందు వాడుతూ గర్భం దాల్చకూడదు. సెమాగ్లూటైడ్ అయితే గర్భం అనుకోవడానికి కనీసం రెండు నెలల ముందే ఆపెయ్యాలి. కారణం మళ్ళీ ఆ బానే. పొయ్యడం ఆపినా నీళ్ళు పూర్తిగా ఇంకడానికి వారాలు పడుతుంది. టిర్జెపటైడ్‌తో ఇంకో చిక్కు ఉంది. మొదలుపెట్టినప్పుడూ, మోతాదు పెంచినప్పుడూ నాలుగేసి వారాలపాటు గర్భనిరోధక మాత్రల పనితనం తగ్గవచ్చు. పెళ్ళికి ముందు "ఒళ్ళు తగ్గించు" అనే నోళ్ళే, పెళ్ళయిన నెలకి "విశేషం ఏమన్నా ఉందా?" అని అడుగుతాయి. ఆ రెండు కోరికలూ ఒకే ఒంట్లో అంత దగ్గర దగ్గరగా ఇమడవు. ఇది పెళ్ళికూతురికి చెప్పాల్సిన మొదటి సంగతి. ప్యాకేజీ కాగితంలో ఇది ఎక్కడా లేదు.

డాక్టరు అక్కకి సూది రాయలేదు. నడక, రాత్రి పెందలాడే భోజనం, ఆఫీసులో మూడుసార్లు తాగే కాఫీలో చక్కెర తగ్గించడం చెప్పారు. అవి కూడా ముహూర్తం కోసం కాదు, మీ ఇంట్లో షుగరు ఉంది కాబట్టి అన్నారు. అక్క తల ఊపింది. బయటికి వచ్చాక ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు. ఇంటి సందు మలుపులో అంది, "సూది వద్దన్నారు సరే. ఆవిడ మాటకి మందేది?"

ఆ మాటకి మందు వెతకడం నాకు చేతకాలేదు. అక్కే వెతుక్కుంది. పెళ్ళికొడుక్కి ఫోను చేసి జరిగింది చెప్పింది. అతను "మా అత్తయ్యకి అలా అనడం అలవాటు, పట్టించుకోకు" అన్నాడట. ఇక్కడితో చాలామంది ఆగిపోతారు. అక్క ఆగలేదు. "నేను పట్టించుకోకుండా ఉండాలంటే మీరు ఆమెతో ఒక మాట చెప్పాలి" అంది. రెండు రోజులు అతని దగ్గరనుంచి ఫోను రాలేదు. ఆ రెండు రోజులు పెద్దమ్మ పూజగదిలోనే ఉంది. మూడోరోజు అతను ఫోను చేసి, చెప్పానన్నాడు. ఏం చెప్పాడో, ఆవిడ ఎలా విన్నదో మాకు తెలియదు. చీరలు చూడటానికి వచ్చినప్పుడు ఆవిడ రంగుల గురించి, జరీ గురించి మాట్లాడారు గాని, బరువు మాట ఎత్తలేదు. పెళ్ళి కార్తీకంలో అనుకున్న ముహూర్తానికే జరిగింది. అప్పటికి అక్క బరువు ఎంతుందో నేను అడగలేదు.

ఈ గొడవంతా నడిచిన నెలల్లో నాకు మన తెలుగు మాటల మీద కూడా దృష్టి పడింది. మా అవ్వ ఎవరిని చూసినా "చిక్కిపోయినావే" అని బాధపడుతుంది. ఆమె కాలంలో అది జబ్బు చేసిందేమో, ఇంట్లో తిండి చాలడం లేదేమో అన్న దిగులు. ఇప్పుడు అదే మాట అత్తతో అంటే ఆమె సంతోషిస్తోంది. మాట మారలేదు, అర్థం తిరగబడింది. ఇంకొకటి, మనం "నాకు ఆకలేస్తోంది" అంటాం. మా ఇంట్లో "నాకు ఆకలైతా ఉంది" అంటాం. ఎలా అన్నా ఆకలి అనేది నేను చేసే పని కాదు, నాకు కలిగేది. చలి వేసినట్టే, నిద్ర వచ్చినట్టే. లావుగా ఉన్నవాళ్ళని "నోరు కట్టుకోలేవా" అని తిట్టే మనం, ఆ తిట్టు కన్నా మన వ్యాకరణమే సత్యానికి దగ్గరగా ఉందని గమనించం. ఒకరి ఒంట్లో "చాలు" అన్న కబురు గట్టిగా వినిపిస్తుంది, ఇంకొకరి ఒంట్లో మెల్లగా. అత్త మూడో నెలలో ఒకరోజు కంచంలో సగం అన్నం వదిలేసి, "ఇన్నేళ్ళకి నాకు చాలు అనిపించింది" అంది. పదకొండేళ్ళు ఆమెని మేమందరం తిండి విషయంలో మందలించినవాళ్ళమే. ఆ రోజు ఎవరం మాట్లాడలేదు.

అందుకే ఈ మందుని చెడ్డదని నేను అనను. అత్తకి అది అవసరం, ఆమెకి అది మేలు చేసింది. అక్కకి అవసరం లేదు. రెండిటికీ మధ్య తేడా చెప్పగలిగేది డాక్టరు చేసే పరీక్షలే, పెళ్ళి క్యాలెండరు కాదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. ఈ మందులు మొదట్లో ఖరీదు వల్ల చాలామందికి దూరంగా ఉండేవి. మౌంజారో వచ్చిన కొత్తలో 2.5 మిల్లీగ్రాముల ఒక్క సీసా 3,500 రూపాయలు. అది ఒక్క వారానికి. సెమాగ్లూటైడ్ మీద మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి వరకే. ఆ తర్వాత మన కంపెనీలు కూడా దాన్ని తయారుచేసి చవకగా అమ్మవచ్చు. అత్తలాంటివాళ్ళకి అది నిజంగా మంచి వార్త. అదే సమయంలో పెళ్ళికూతురి ప్యాకేజీలు కూడా చవకవుతాయి. మన క్లాసులో కొందరికి ఈ ఏడాదే సంబంధాలు చూస్తున్నారు. ఎవరో ఒకరు మీ బుగ్గ పట్టుకుని నవ్వుతూ ఒక మాట అనవచ్చు.

అప్పుడు ఇంట్లో ఎవరైనా "ఎన్నాళ్ళలో తగ్గుతుంది?" అని అడిగితే నా కాగితంలోని అంకెలు చూపించండి. మొదటి నెల అలవాటుకే సరిపోతుంది. మూడు నెలలకి నూటికి ఆరు. పూర్తి ఫలితానికి ఏడాది పైన. ఆపితే చాలావరకు వెనక్కి. బిడ్డ కావాలనుకుంటే రెండు నెలల ముందే ఆపాలి. తర్వాత మీరు కూడా ఒక ప్రశ్న అడగండి, ఎవరి కోసం ఈ తొందర అని. జవాబు మీ ఆరోగ్యం అయితే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఆయన పెట్టిన మెట్లు ఒక్కొక్కటే ఎక్కండి. జవాబు ఫోటో అయితే, జాకెట్టులో లోపల గుడ్డ వదిలి కుట్టమని టైలరమ్మకి చెప్పండి.